పేరుకు కౌలు

మా కోడలు మామిడికాయ తొక్కు వ్యాపారానికి ఇంటర్నెట్‌లో ఒక పేరు కావాలంది. తను అనుకున్న పేరును ఎవరో ముందే కొని, అమ్మకానికి పెట్టారు. “లక్షన్నర అడుగుతున్నారు అత్తమ్మా!” అంది. నోరెళ్ళబెట్టాను. పేరుకి ధరేమిటమ్మా!

మాది ఆలంపూరు. 1101 నాటి చాళుక్య శాసనంలో ఇది హతంపురం. హలంపురమనీ అన్నారు. ఎవరూ కిరాయి అడగలేదు.

డొమైన్ పేర్ల విలువ మనవాళ్ళకి తెలిసొచ్చింది 1999లో. హైదరాబాదు సత్యం కంప్యూటర్స్ వారి పిల్ల కంపెనీ సత్యం ఇన్ఫోవే, ఇండియావరల్డ్‌ను 499 కోట్లకి బేరమాడింది. అందులో ఉన్నవేమిటంటారా? వార్తలకి సమాచార్, ఆటలకి ఖేల్, వంటలకి బావర్చీ! వాటి వెనక చదువరులూ ఉన్నారనుకోండి. అయినా నోట్లో తేలిగ్గా తిరిగే చిన్న పేరుకే గిరాకీ.

ఆ కంపెనీయే తన పేరులోంచి అక్షరాలేరుకుని ‘సిఫీ’ అని పెట్టుకుంది. మరో కంపెనీ ‘ఎఫ్’ ఒకటి ఎక్కువేసి ‘సిఫ్ఫీ’ అంది. తగవు సుప్రీంకోర్టుకెక్కింది. ఇంటర్నెట్ పేరు ఉత్త చిరునామా కాదు, వ్యాపార చిహ్నంలాగే దానికీ రక్షణ ఉందని 2004 మే 6న తీర్పొచ్చింది. సిఫీ గెలిచింది.

ఇంతాచేసి, కొన్న పేరు మన సొంతం కాదుట! డాట్‌కామ్ పేరైతే ఒక్కసారిగా పదేళ్ళకి మించి ఇవ్వరు. గడువు మరిచామా, ఇంకొకరి పాలు.

కోడలు చివరికి ‘తొక్కు’ చేర్చి, కొన్ని వందల్లోనే వేరే పేరు తీసుకుంది. గడువు తేదీ పాల లెక్క పక్కన, క్యాలెండరు మీద నేనే రాసిపెట్టాను.