తరగతి నుండి గ్రేడు దాకా: మన మార్కుల జాబితా కథ

చదువు ముగిశాక విద్యార్థి చేతికి రెండు కాగితాలు వస్తాయి. ఒకటి పట్టా, రెండవది మార్కుల జాబితా. పట్టా గోడకెక్కి కూర్చుంటుంది. జాబితాకు ఆ భాగ్యం లేదు. పై చదువుకు, ఉద్యోగానికి, ఉపకార వేతనానికి అది ఊరూరా తిరగవలసిందే. చెన్నైలోనో, బళ్ళారిలోనో, బరంపురంలోనో, షోలాపూరులోనో, యానాంలోనో తెలుగు చదువుకొన్న విద్యార్థి మరో రాష్ట్రంలోని విశ్వవిద్యాలయానికి దరఖాస్తు పెట్టినప్పుడు, తన జాబితాలోని అక్షరాలకు అక్కడ వేరే అర్థం ఉందని తెలిసి నివ్వెరపోవడం మేము చూస్తూనే ఉన్నాం. ఈ అక్షరాలు ఎక్కడివి, ఎలా మారుతూ వచ్చాయి, వాటిని ఎలా చదువుకోవాలి అన్న మూడు విషయాలను ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

పరీక్షే విశ్వవిద్యాలయం

1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు లండన్ విశ్వవిద్యాలయం నమూనాపై ఏర్పడ్డాయి. మొదట్లో అవి బోధనా సంస్థలు కావు. పాఠం చెప్పే పని అనుబంధ కళాశాలలది, పరీక్ష పెట్టి పట్టా ఇచ్చే పని విశ్వవిద్యాలయానిది. కనుక ఫలితాల పట్టికే ఆ రోజుల్లో విశ్వవిద్యాలయం జనానికి చూపే ముఖం. ఉత్తీర్ణులను తరగతులుగా విడదీసి ప్రకటించడం ఇంగ్లండు నుండి వచ్చిన అలవాటు. 1858లో కలకత్తాలో జరిగిన తొలి బి.ఏ. పరీక్షలో బంకించంద్ర చట్టోపాధ్యాయ, జదునాథ్ బోసు ఇద్దరే గట్టెక్కారు. వారికి కూడా ఒక విషయంలో తక్కువ పడిన మార్కులు కలిపి, రెండవ శ్రేణిలో ఉత్తీర్ణులుగా ప్రకటించారు. మనం నేడు ‘గ్రేస్ మార్కులు’ అంటున్నది ఈ దేశపు మొదటి పట్టాతోనే పుట్టిందన్నమాట.

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడేవరకు మద్రాసు రాజధానిలోని తెలుగు జిల్లాల వారందరూ మద్రాసు పరీక్షలే రాశారు. గురజాడ అప్పారావు 1886లో విజయనగరం మహారాజా కళాశాల నుండి పట్టభద్రుడైనది ఆ పరీక్షతోనే. నేడు ఒడిశాలో ఉన్న బరంపురం, కర్ణాటకలో ఉన్న బళ్ళారి కూడా అప్పుడు అదే రాజధానిలోవి. 1936లో గంజాం ఒరిస్సాలోకి, 1953లో బళ్ళారి మైసూరు రాష్ట్రంలోకి వెళ్ళాయి. ఎల్లలు మారినప్పుడు పాఠ్యాంశాలతో పాటు మార్కుల కొలతలూ వేరుపడ్డాయి. ఒకప్పుడు ఒకే పట్టికలో కనిపించిన తెలుగు విద్యార్థుల పేర్లు క్రమంగా నాలుగైదు విశ్వవిద్యాలయాల పట్టికల్లోకి చెదిరిపోయాయి.

బిరుదులైన ఫలితాలు

పరీక్షా ఫలితం మనిషి పేరుకు తోకగా మారడం ఈ చరిత్రలోని విచిత్రాలలో ఒకటి. కేంబ్రిడ్జి గణిత పరీక్షలో మొదటి తరగతి వారిని ‘రాంగ్లర్లు’ అనేవారు. వారిలో అగ్రస్థానం ‘సీనియర్ రాంగ్లర్’. 1899లో ఆ స్థానం పొందిన తొలి భారతీయుడు ఆర్.పి. పరాంజపే. మహారాష్ట్రలో ఆయన జీవితాంతం ‘రాంగ్లర్ పరాంజపే’గానే పిలవబడ్డారు. ఆ పరీక్షలో వరుస స్థానాలు ప్రకటించే పద్ధతి 1909తో ముగిసింది. బిరుదు మాత్రం మరాఠీ జనం నోట నిలిచిపోయింది.

మన వైపు దీనికి తలక్రిందులైన ఉదాహరణ ఉంది. ‘మెట్రిక్ ఫెయిల్’, ‘బి.ఏ. ఫెయిల్’ అన్నవి ఒకప్పుడు అవమానాలు కావు, అర్హతలు. చివరి పరీక్షకు కూర్చోవాలంటే అంతకు ముందు మెట్లన్నీ ఎక్కి ఉండాలి. బి.ఏ. తప్పినవాడంటే మెట్రిక్యులేషనూ ఎఫ్.ఏ.నో ఇంటర్మీడియట్టో గట్టెక్కినవాడని అర్థం. గుమాస్తా ఉద్యోగానికి అది చాలు. ఇక మూడవ తరగతిలో ఉత్తీర్ణులైనవారిని, రైలు పెట్టెను గుర్తు చేస్తూ, ‘గాంధీ క్లాసు’ అని వేళాకోళం చేసేవారు.

అరవై, యాభై, ఆపైన డిస్టింక్షన్

ఇరవయ్యవ శతాబ్దంలో చాలా విశ్వవిద్యాలయాల్లో స్థిరపడిన లెక్క మనందరికీ తెలిసిందే: అరవై శాతానికి ప్రథమ శ్రేణి, యాభైకి ద్వితీయ శ్రేణి, ఆ దిగువన తృతీయ శ్రేణి. అయితే ఈ హద్దులు దేశమంతటా ఒక్కటిగా ఎన్నడూ లేవు. 1948–49లో సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన పనిచేసిన విశ్వవిద్యాలయ విద్యా సంఘం ఈ లోపాన్ని గుర్తించింది. ఆయన అంతకు ముందు, 1931 నుండి 1936 వరకు, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులు. ప్రథమ శ్రేణికి 70, ద్వితీయ శ్రేణికి 55, తృతీయ శ్రేణికి కనీసం 40 శాతం ఉండాలనీ, అది అంతటా ఒకే తీరుగా ఉండాలనీ సంఘం సూచించింది. ఆ సూచన ఆచరణలోకి రాలేదు. అరవై అరవైగానే నిలిచింది.

తరగతుల పద్ధతిలో అసలు చిక్కు హద్దుల దగ్గర ఉంది. 59.8 శాతం వచ్చిన విద్యార్థికీ 60.1 వచ్చిన విద్యార్థికీ తెలివిలో తేడా ఏమీ ఉండదు. అయినా ఒకరు రెండవ శ్రేణి, ఒకరు మొదటి శ్రేణి. వ్యాసరూప సమాధానాలు దిద్దే ఇద్దరు అధ్యాపకులు ఒకే జవాబుకు ఒకే మార్కు వేయడం అరుదని మనకు అనుభవమే. అంత వదులైన కొలతతో కొలిచి, దశాంశాల దాకా గీత గీయడం న్యాయమా అన్న ప్రశ్న నుండే గ్రేడుల ఆలోచన బలపడింది.

అక్షరాల రాక

అక్షర గ్రేడులు అమెరికా నుండి వచ్చాయి. అక్కడి మౌంట్ హోలియోక్ మహిళా కళాశాల 1897లో ఎ నుండి ఇ వరకు అక్షరాలు వాడింది. అందులో 75కు తక్కువ వస్తే ‘ఇ’, అంటే తప్పినట్లు. మరుసటి ఏడే ఆ పట్టికను సవరించి, తప్పినవారికి ‘ఎఫ్’ పెట్టారు. మన దేశానికి ఈ పద్ధతి 1960ల ప్రాంతంలో రెండు దారుల్లో చేరింది. అమెరికా సహాయంతో ఎదిగిన కాన్పూరు ఐ.ఐ.టి. ఒకటి. అమెరికా నమూనాలో వెలసిన వ్యవసాయ విశ్వవిద్యాలయాలు రెండవది. భువనేశ్వర్‌లో 1962లో, బెంగుళూరు, హైదరాబాదుల్లో 1964లో వ్యవసాయ విశ్వవిద్యాలయాలు ఏర్పడ్డాయి. వాటిలో చదివినవారు ‘ఎంత శాతం?’ అని అడిగితే ‘ఓ.జి.పి.ఏ. ఇంత’ అని చెప్పడం అందుకే.

సాధారణ విశ్వవిద్యాలయాల్లోనూ గ్రేడులు రావాలని యు.జి.సి. 1973లో పరీక్షా సంస్కరణల ప్రణాళికలో కోరింది. తరువాత ఓ, ఎ, బి, సి, డి, ఇ, ఎఫ్ అనే ఏడు మెట్ల పట్టిక వచ్చింది. అందులో 75 ఆపైన ‘ఓ’, 65 నుండి ‘ఎ’, 55 నుండి ‘బి’. అధ్యాపక ఉద్యోగానికి పెట్టిన 55 శాతం నియమానికి సమానమైన గ్రేడుగా ‘బి’ని చెప్పింది ఈ పట్టికను బట్టే. 2015 నుండి అమలులోకి వచ్చిన ఐచ్ఛిక క్రెడిట్ విధానంలో యు.జి.సి. పది పాయింట్ల పట్టికను సూచించింది: ఓ–10, ఎ ప్లస్–9, ఎ–8, బి ప్లస్–7, బి–6, సి–5, పి–4, ఎఫ్–0. పరీక్షకు రానివారికి ‘ఏబీ’, దానికీ సున్నాయే.

లెక్క కట్టే తీరు సులభం. ఒక సెమిస్టరులో తెలుగు, ఇంగ్లీషు మూడేసి క్రెడిట్లు, ప్రధాన విషయాలు మూడు నాలుగేసి క్రెడిట్లు అనుకొందాం. తెలుగులో 9, ఇంగ్లీషులో 6, ప్రధాన విషయాల్లో 8, 7, 5 పాయింట్లు వచ్చాయి. ఒక్కొక్క పాయింటును క్రెడిట్‌తో హెచ్చవేసి కూడితే 125. మొత్తం క్రెడిట్లు 18. భాగిస్తే 6.94. చివరి విషయం తప్పి ఉంటే మొత్తం 105కు దిగి, సగటు 5.83 అవుతుంది. ఒక్క సున్నా మంచి మార్కులన్నిటినీ ఎలా క్రిందికి లాగుతుందో దీనివల్ల తెలుస్తుంది.

ఒకే అక్షరం, వేరు వేరు అర్థాలు

ఇక మనవంటి వారికి ముఖ్యమైన సంగతి. మద్రాసు విశ్వవిద్యాలయ పట్టికలో ‘డి’ అంటే డిస్టింక్షన్, 75 నుండి 79 వరకు. ‘డి ప్లస్’ 80లలో ఉన్నవారికి. ‘ఎ’ వచ్చినవారు ‘డి’ కంటె క్రింద! యు.జి.సి. పాత ఏడు మెట్ల పట్టికలోనైతే ‘డి’ అంటే సగటుకు దిగువ. చెన్నైలో ‘డి’ తెచ్చుకొన్న తెలుగు విద్యార్థి హైదరాబాదులో జాబితా చూపినప్పుడు వెనుక పుటలోని వివరణ కూడా చూపకపోతే, మేలు కీడుగా మారవచ్చు. అలాగే తమిళనాడులో ‘యు’ అంటే మళ్ళీ రాయాలని అర్థం.

మిగిలిపోయిన పేపరుకు ఉన్న పేర్లూ ఇంతే. తమిళనాడులో అది ‘అరియర్’, మహారాష్ట్రలో ‘ఏ.టి.కె.టి.’, ఒడిశాలో ‘బ్యాక్ పేపర్’, ఆంధ్ర, తెలంగాణల్లో ‘బ్యాక్‌లాగ్’. ఏ.టి.కె.టి. అంటే తప్పిన విషయం ఉన్నా పై తరగతిలో కొనసాగడానికి అనుమతి అని అర్థం. అది గ్రేడు కాదు. ‘విత్‌హెల్డ్’ అంటే తప్పినట్లు కాదు. ఫీజు, హాజరు, విచారణ వంటి కారణంతో ఫలితం ఆపి ఉంచినట్లు.

యానాం వారి పెద్దలకు మరో కొలత తెలుసు. 1954 వరకు సాగిన ఫ్రెంచి పాలనలో చదువు ఫ్రెంచి పద్ధతిది. ఆ పద్ధతిలో మార్కులు ఇరవైకి వేస్తారు. పది వస్తే ఉత్తీర్ణత. నేటి ఫ్రాన్సులో బాకలోరియా పరీక్షలో 12కు ‘అసే బ్యాఁ’, 14కు ‘బ్యాఁ’, 16కు ‘త్రే బ్యాఁ’ అనే గుర్తింపులు ఉన్నాయి. ఇరవైకి పద్నాలుగు తెచ్చుకొన్నవారిని మనం డెబ్బై శాతం అని వదిలేస్తే వారికి అన్యాయం చేసినట్లే.

తెలుగు మార్కులు ఎక్కడ లెక్కకు వస్తాయి?

మన దక్షిణాది డిగ్రీలకు ‘భాగాల’ పద్ధతి పాతదే. తమిళనాడులో మొదటి భాగం భాష, రెండవది ఇంగ్లీషు, మూడవది ప్రధాన విషయాలు. తెలుగు తీసుకొన్నవారికి అది మొదటి భాగంలో వస్తుంది. ఆంధ్ర, ఉస్మానియాల్లో భాషలన్నీ మొదటి భాగంలో, ఐచ్ఛికాలు రెండవ భాగంలో ఉండేవి. ఏ భాగానికి ఆ భాగం శ్రేణి వేరు. లోకం అడిగేది మాత్రం ప్రధాన విషయాల శ్రేణినే. అందువల్ల భాష ‘గట్టెక్కితే చాలు’ అన్న మాట పుట్టింది. ఒక తరం తెలుగు విద్యార్థులు తెలుగును ఇలాగే చదివారు. దీనికి 2006లో తమిళనాడు చేసిన తమిళ అభ్యసన చట్టం తోడై, బడిలోనే మొదటి భాషగా తెలుగు స్థానం కుంచించుకుపోయింది. మార్కుల జాబితాలో ఒక గడి ఎక్కడ ఉందన్నది భాష బ్రతుకును కూడా నిర్ణయిస్తుందని చెప్పడానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు.

శాతంగా మార్చేటప్పుడు

జాతీయ అర్హత పరీక్షకు ఎం.ఏ.లో సాధారణంగా 55 శాతం కావాలి. రిజర్వేషన్ వర్గాలకు సడలింపు ఉంది. జాబితాలో 5.9 అని ఉంటే అది ఎంత శాతం? పదితో హెచ్చవేస్తే 59. ఇంజనీరింగు విద్యలో వాడుకలో ఉన్నట్లు 0.75 తీసివేసి పదితో హెచ్చవేస్తే 51.5. ఒక లెక్కన గట్టెక్కినవాడు మరో లెక్కన మునిగిపోతాడు. సొంతంగా లెక్క కట్టడం ఇందుకే ప్రమాదం. పట్టా ఇచ్చిన విశ్వవిద్యాలయపు సూత్రమే ప్రమాణం. దానిని ధృవీకరణ పత్రంగా ముందే తీసుకొని జాబితాకు జతపరచాలి. జాబితా వెనుక పుటను కూడా తప్పక నకలు తీయించాలి. సొంత రాష్ట్రం కాని చోట చదివే మనకు ఈ రెండు కాగితాలు ప్రయాణంలో టిక్కెట్టు వంటివి.

నూట అరవై ఏళ్ళకు పైగా తరగతులు, శాతాలు, అక్షరాలు, పాయింట్లు మారుతూ వచ్చాయి. విద్యార్థి చదువును ఒక చిన్న గుర్తులో ఇమడ్చాలన్న ప్రయత్నం మాత్రం మారలేదు. ఆ గుర్తు ఎవరు, ఎప్పుడు, ఏ కొలతతో పెట్టారో తెలుసుకొన్నవారిని అది భయపెట్టదు. తెలుగు పేపరుకు వచ్చిన అక్షరం ఏ భాగంలో ఉన్నా, దానిని గట్టెక్కితే చాలన్న లెక్కలో వదిలిపెట్టవద్దని మా విద్యార్థులకు మేము చెప్పదలచిన మాట.