చదరంగపు గింజల సంఖ్య



చదరంగపు పలకయందు అరువదినాలుగు గళ్లు కలవు. మొదటి గడిలో నొక గింజ, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇట్లు రెట్టించుచు బోయినచో మొత్తము గింజలెన్ని? రాజును పండితుడీ బహుమానము కోరిన కథ మీరెల్లరు వినియుందురు. కథ యటుండనిండు, లెక్క మాత్రము నిజము. 18446744073709551615. ఇరువది యంకెలు!

భాస్కరాచార్యుడు 1150లో లీలావతియందు చెప్పిన స్థానములు పదునెనిమిదియే, పరార్ధముతో ముగియును. ఈ సంఖ్య యందిమడదు. అంతకు మున్నే, 850 ప్రాంతమున, మహావీరాచార్యుడు గణితసారసంగ్రహమున ఇరువదినాలుగు స్థానములకు పేళ్లిడెను. ఇరువదియవది మహాశంఖము. మన సంఖ్య తొలి యంకె యచట గూర్చుండును. పదునొకండవ శతాబ్దిని ఈ గ్రంథమునే పావులూరి మల్లన తెనిగించెను.

అరువదినాలుగు మారులు రెట్టింపనక్కరలేదు. 64ను ఆరుమారులు సగించిన ఒకటి మిగులును. కావున రెంటిని ఆరుమారులు వర్గింపుడు: 4, 16, 256, 65536, 4294967296, ఆపై దీని వర్గము. అందొకటి తీసివేసిన సరి. 1000 ప్రాంతమున అల్ బీరూనీయు వర్గముల మార్గముననే దీనిని సాధించెను.

మల్లన పేర నొక ప్రసిద్ధ పద్యమున ఈ సంఖ్య యంతయు భూతసంఖ్యలలో నిమిడియున్నది. శరములైదు, చంద్రుడొకడు, వేదములు నాలుగు, గగనము సున్న. అంకెలు కుడినుండి యెడమకు నడచును. పద్యములేల, అంకెలు వ్రాసికొనిన చాలదా యని నా శిష్యులు నవ్వెడివారు. ఒకప్పుడొక అచ్చు పుస్తకమున 07370 అని యుండవలసినచోట 03770 అని పడినది. తొమ్మిదింట శేషము చూచితిమి. తప్పునకును ఒప్పునకును ఆరే వచ్చెను. అంకెలు తారుమారైనచో ఆ పరీక్ష పట్టజాలదు గదా! పద్యము జదివితిని. రెండు కొండల నడుమ అగ్ని, వానికిరువైపుల ఆకాశము. తప్పు దొరకెను. పిల్లలు నవ్వుట మానిరి.

ఇక దీని జాతి యేమి? గింజయొకటి తీయకమున్ను రెండు తప్ప వేరు ప్రధానభాజకము లేదు; తీయగనే ఏడు ప్రధానసంఖ్యలు వెలువడును: 3, 5, 17, 257, 641, 65537, 6700417. ఒక్కటియు మరల రాదు. కావున భాజకములు సరిగా 128. అయినను సంఖ్యను విడిచి తక్కిన భాజకములన్నిటిని గూడినను సంఖ్యకు దక్కువయే యగును, అనగా ఇది న్యూనసంఖ్య. ఇన్ని భాజకములుండియు న్యూనమగుట నాకు వింతగనే తోచినది.

వీనిలో 641కి వేరు చరిత్ర కలదు. 4294967297 ప్రధానసంఖ్య యని ఫ్రాన్సు దేశపు ఫెర్మా 1640లో తలచెను. 1732లో ఆయిలర్ దానిని 641చే నిశ్శేషముగా భాగించి చూపెను, లబ్ధమే 6700417. తక్కిన ఐదింటి లబ్ధము 4294967295. గౌస్ 1796లో పదునేడు భుజముల క్షేత్రమును కొలతలేని బద్దతోను వృత్తలేఖినితోను గీయవచ్చునని నిరూపించెను. ఆ న్యాయముననే 4294967295 భుజముల క్షేత్రమును గీయవచ్చును. అంతకు మించిన బేసి భుజముల సమక్షేత్రము నట్లు గీయవచ్చునని నేటివరకు నెవ్వరును జూపలేదు.