ఒడిశా తీరంలో తాబేళ్ల నిషేధం – మన మత్స్యకారుల పరిస్థితి

పూరీ పెంటకోటలో, గంజాం తీరంలోని పల్లెల్లో తరతరాలుగా వేట సాగిస్తున్న మన తెలుగు మత్స్యకారులను అక్కడ నోళియాలు అంటారు. వారి వేటకు రెండు నిషేధాలు అడ్డు వస్తున్నాయి.

మొదటిది ఆలివ్ రిడ్లీ తాబేళ్ల రక్షణ కోసం. ఏటా నవంబరు 1 నుంచి మే 31 వరకు ధమ్రా, దేవి, ఋషికుల్యా నదీముఖాల దగ్గర, తీరం నుంచి 20 కిలోమీటర్ల లోపు ట్రాలర్లు, మోటారు పడవలు వేటాడకూడదు. రెండోది తూర్పు తీరమంతటికీ వర్తించే 61 రోజుల విరామం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు దీన్ని అమలు చేస్తారు. ఇంజను లేని సంప్రదాయ పడవలకు ఇందులో మినహాయింపు ఉంది. రెండూ కలిస్తే నదీముఖాల దగ్గర ట్రాలరుకు ఏడున్నర నెలలు పని ఉండదు.

తాబేలు గాలి పీల్చే జీవి. ట్రాలరు వలలో చిక్కితే పైకి రాలేక చనిపోతుంది. అందుకే ఆంక్షలు అవసరమే. ఋషికుల్యా దగ్గర పొడంపేట వంటి పల్లెల యువకులే గుడ్లకు కాపలా కాస్తున్నారు.

చిక్కంతా ఇంజను దగ్గరే. చిన్న ఫైబరు పడవనూ పెద్ద ట్రాలరునూ ఒకే గాటన కట్టడం న్యాయం కాదని మేం భావిస్తున్నాం. పడవ పరిమాణాన్నీ వల రకాన్నీ బట్టి హద్దులు గీస్తే తాబేలూ బతుకుతుంది, మన పల్లే బతుకుతుంది.