చేతులు మారిన పుస్తకాలు

1935లో గుంటూరు జిల్లా కాలువల మీద తిరిగే పడవల్లో మనుషులతో పాటు పుస్తకాలు కూడా ప్రయాణం మొదలుపెట్టాయి. పెదవడ్లపూడి, కొల్లిపరల మధ్య ఈ పడవ గ్రంథాలయాన్ని నడిపించినవారు పాతూరి నాగభూషణం. పడవ ప్రయాణానికి తొందర ఉండదు. ఎక్కినవాళ్లకు కావలసినంత తీరిక. పుస్తకం కొనే స్తోమత లేనివాడి చేతికి కూడా ఆ తీరికలో ఒక పుస్తకం అందాలన్నదే ఆ ఏర్పాటు.

ఆ ఆలోచన ఒక్కరోజులో పుట్టింది కాదు. అంతకు ఇరవై ఏళ్ల ముందే, 1914 ఏప్రిల్ 10న, బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల తొలి మహాసభ జరిగింది. దాని వెనక అయ్యంకి వెంకటరమణయ్య పట్టుదల ఉంది. చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షత వహించారు. ఊరూరా నలుగురూ తలా కొంత చందా వేసుకుని పుస్తకాలు తెచ్చుకోవడం, ఎవరిదో ఒక వసారాలో బీరువా పెట్టడం, సాయంత్రానికి దీపం వెలిగించడం: గ్రంథాలయోద్యమమంటే చాలాచోట్ల ఇదే. వేటపాలెంలో 1918లో మొదలైన సారస్వత నికేతనం ఈనాటికీ పాత పత్రికల కోసం వెతికేవాళ్లకు పెన్నిధి.

1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టంతో ఈ చందా పద్ధతికి ప్రభుత్వ ముద్ర పడింది. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ పన్ను వసూలవుతుంది. ఇల్లున్న ప్రతివాడూ, తెలిసినా తెలియకపోయినా, ఊరి లైబ్రరీకి చందాదారుడే.

అయితే లైబ్రరీ గడప తొక్కడం అందరికీ కుదిరేది కాదు. ముఖ్యంగా ఆడవాళ్లకు. పొద్దున్నే పేపరు చుట్టూ మగవాళ్లు మూగే గదిలోకి వెళ్లి నవల అడగడం ఆ రోజుల్లో ఎందరికి సాధ్యం? వాళ్ల దగ్గరికి నవల పత్రికలో వచ్చింది. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ని ‘జ్యోతి’ మాసపత్రికలో నెలనెలా చదివారు. తర్వాతి తరం యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ కోసం ‘ఆంధ్రభూమి’ వారపత్రిక వచ్చే రోజును లెక్కపెట్టుకుంది. పక్కింటివాళ్లు ఒక పత్రిక, వీళ్లు మరొకటి కొనేవారు. మధ్యాహ్నానికి రెండూ గోడ దాటేవి.

సీరియల్ అయిపోయాక అసలు పని మొదలు. పిన్నులు ఊడదీసి, ఆ పేజీలు మాత్రం వేరుచేసి, వరసగా పేర్చాలి. అంచులు సమం చేసి, దబ్బనంతో బెజ్జాలు వేసి, పురికొసతో కుట్టాలి. మైదా ఉడికించి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపిన జిగురుతో అట్ట అంటించి, పైన బరువు పెట్టి ఆరనివ్వాలి. చేతకానివాళ్లు బైండరుకు ఇచ్చేవారు. అలా తయారైన నవలకు ముఖచిత్రం ఉండదు. కథ మధ్యలో తలనూనె ప్రకటన, పేజీ వెనక ఇంకో కథ తోక, ఒక వారం పత్రిక దొరక్కపోతే అక్కడో ఖాళీ. అయినా అది బంధువుల ఇళ్లన్నీ తిరిగి వచ్చేది.

ఈ ఆకలిని ప్రచురణకర్తలూ గుర్తించారు. మచిలీపట్నం ఎం. శేషాచలం అండ్ కంపెనీ, అంటే మన ఎమెస్కో, జేబులో పట్టే చవక పుస్తకాలు వేసింది. ‘ఇంటింటా గ్రంథాలయం’ పేరుతో సభ్యులకు పుస్తకాలు పంపింది.

అదీ కొనలేనివాళ్లకు అద్దె పుస్తకాల షాపు ఉంది. డిపాజిట్ కట్టి, నోటుబుక్కులో పేరు రాయించుకుంటే రోజు లెక్కన నవల ఇంటికి వచ్చేది. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ పరిశోధనలు, యద్దనపూడి, మల్లాది, యండమూరి నవలలు, ఆ వారం పత్రికలు, అన్నీ ఆ చిన్న గదిలోనే. ఒక్కరోజు అద్దెలో ఇంటిల్లిపాదీ చదవాలి కాబట్టి వంతులు వేసుకునేవారు. తల్లి వంటయ్యాక, కూతురు కాలేజీ నుంచి వచ్చాక, కొడుకు అందరూ పడుకున్నాక. మర్నాడు షాపు తెరిచేసరికి పుస్తకం తిరిగి వెళ్లాలి, లేకపోతే రెండో రోజు అద్దె పడుతుంది. డిటెక్టివ్ నవలలో చివరి పేజీ ఊడిపోయి ఉంటే, హంతకుడెవరో ముందు చదివినవాళ్లను వెతుక్కుంటూ వెళ్లి అడగాల్సిందే.

1990లలో ఇంట్లోకి టీవీ సీరియల్ వచ్చాక పత్రికల సీరియళ్లు పలచబడ్డాయి, షాపులు ఒక్కొక్కటీ ఫ్యాన్సీ దుకాణాలుగా, ఎస్టీడీ బూత్‌లుగా మారాయి. వాటి అరల్లోని పుస్తకాలు కిలోల లెక్కన పాత కాగితాల కొట్టుకు వెళ్లాయి.

కొన్ని మాత్రం ఇంకా తిరుగుతున్నాయి. హైదరాబాద్ అబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంట్ మీద పరిచే పాత పుస్తకాల మధ్య ఇప్పటికీ ఇంట్లో కుట్టిన బైండు ఒకటీ అరా కనిపిస్తుంది. అట్ట తెరిస్తే లోపల ఎవరిదో పేరు, దాని కింద వేరే చేతిరాతలో ఇంకో పేరు, వాటికి పక్కగా సిరా వెలిసిన ఒక విన్నపం: చదివి తిరిగి ఇవ్వగలరు.