పొగ తాగేవారిలో రోగనిరోధక కణాలు: సంఖ్య హెచ్చు, సత్తువ తక్కువ

సిగరెట్ వల్ల క్యాన్సర్, గుండె జబ్బులు వస్తాయన్న విషయం అందరికీ తెలిసినదే. ఆ పొగ రోగనిరోధక కణాలను నిర్వీర్యం చేసి క్షయ వ్యాధికి మార్గం సుగమం చేస్తుందన్న విషయానికి మాత్రం తగినంత ప్రచారం లభించలేదు. క్షయ పీడితులు అధికంగా ఉన్న మన దేశంలో ఇది చిన్న విషయం కాదు.

తమిళనాడులో సుమారు 43 వేల మంది పురుషుల మరణాలను పరిశీలించి, 35 వేల మంది ఇతరులతో పోల్చి చూసిన అధ్యయనం 2003లో 'లాన్సెట్' వైద్య పత్రికలో వెలువడినది. పొగ తాగేవారిలో క్షయ మరణాలు తాగనివారి కంటే నాలుగు రెట్లకు పైగా ఉన్నట్లు అందులో వెల్లడైనది. దేశంలో క్షయతో మరణించే పురుషులలో దాదాపు సగం మంది విషయంలో ధూమపానమే కారణమని పరిశోధకులు అంచనా వేశారు. ఈ అధ్యయనం సిగరెట్‌తో పాటు బీడీని కూడా లెక్కలోనికి తీసుకున్నది. కనుక బీడీ తాగేవారు తమకు ముప్పు లేదని భావించడానికి వీలు లేదు.

క్షయ క్రిమి ఊపిరితిత్తులలోని గాలి గదులకు చేరగానే దానిని ముందుగా ఎదుర్కొనేవి మాక్రోఫేజ్‌లు అనే భక్షక కణాలు. పొగ తాగేవారి ఊపిరితిత్తులను కడిగి తీసిన ద్రవంలో ఈ కణాలు తాగనివారిలో కంటే అనేక రెట్లు అధికంగా కనిపిస్తాయి. అంత మాత్రాన రక్షణ పెరిగినట్లు కాదు. పొగలోని రేణువులను ఇవి మింగుతాయి గాని జీర్ణించుకోలేవు. మింగినదంతా కణం లోపలి లైసోజోములలో పేరుకుపోతుంది. ఇట్లు బరువెక్కిన కణాలు క్షయ క్రిమి వైపు కదలలేకపోతున్నాయని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి చెందిన లలితా రామకృష్ణన్ బృందం 2016లో 'సెల్' పత్రికలో వివరించినది. ఇతర పరిశోధనలలో, క్రిములపై పోరుకు సంకేతాలిచ్చే రసాయనాలను కూడా ఈ కణాలు తక్కువగా విడుదల చేస్తున్నట్లు తేలినది.

న్యూట్రోఫిల్‌లు అనే తెల్ల రక్తకణాల తీరు ఇందుకు భిన్నం. పొగకు రెచ్చిపోయి అవి వెలువరించే ఎలాస్టేజ్ అనే ఎంజైమ్ ఊపిరితిత్తులకు సాగే గుణాన్నిచ్చే పోగులనే దెబ్బతీస్తుంది. ఎంఫిసీమాకు ఇది ఒక ముఖ్య కారణం.

అలవాటు మానివేస్తే ఈ నష్టం పూడుతుందా? కొంత మేరకే. పారిస్‌లోని పాశ్చర్ సంస్థ పరిశోధకులు 1,000 మంది ఆరోగ్యవంతుల రక్తాన్ని పరీక్షించి 2024లో 'నేచర్' పత్రికలో ఫలితాలు ప్రచురించారు. క్రిమి ప్రవేశించగానే కలిగే సహజ స్పందనపై పొగ ప్రభావం మానివేసిన పిదప తొలగిపోతున్నది. టి కణాలకు సంబంధించిన స్పందనలో మార్పులు మాత్రం ఏళ్ల తరబడి నిలుస్తున్నాయి. డి.ఎన్.ఎ.పై ఏర్పడే రసాయన ముద్రలతో వీటికి సంబంధం ఉన్నట్లు గుర్తించారు.

చికిత్స ముగిసిన తర్వాత క్షయ తిరగబెట్టే ముప్పు కూడా పొగ తాగేవారిలో అధికం. అందువల్లనే క్షయ రోగుల పొగాకు అలవాటును విచారించి, మానుకునేందుకు సలహా ఇచ్చే విధానాన్ని కేంద్ర ప్రభుత్వం 2017లో రూపొందించినది. పొగాకు మానదలచినవారు జాతీయ ఉచిత సహాయ ఫోను నంబరు 1800-11-2356ను సంప్రదించవచ్చును.