నల్లమందునకు మందు

తెలుగున 'మందు' అను మాట చిత్రమైనది. వైద్యుడిచ్చునది మందు, తుపాకిలో దట్టించునది మందు, మత్తెక్కించునదియు మందే. గసగసాల కాయకు గంటు పెట్టగా కారిన పాలు గడ్డకట్టి నల్లబడినప్పుడు దానికి మనవారు నల్లమందని పేరిడిరి. నొప్పిని మాన్పునదియు, మనిషిని పట్టి విడువనిదియు ఆ ముద్దయే. ఆ పట్టు విడిపించుటకు లోకము పడిన పాట్లు తెలియదగినవి.

వ్యాపారపు కథ శ్రోతలు వినియే యుందురు. 1773లో ఈస్టిండియా కంపెనీ వంగ, బీహారు సీమల నల్లమందును తన గుత్తకు తెచ్చుకొనెను. ఆ సరకును చీనా రేవులకు చేర్చిన వర్తకమే 1839లో మొదలైన యుద్ధమునకు దారితీసెను. 1893లో నియమితమైన రాయల్ కమిషను, మితముగా తినువారికి పెద్ద కీడు లేదని 1895లో తేల్చెను. ఖజానాకు వచ్చు రాబడి ఆ తీర్పునకు పక్కబలమై యుండెనని నా తలంపు.

మన గోదావరి మండలమునకు ఈ కథలో చోటు కలదు. మన్యపు చలిజ్వరమునకు నల్లమందు విరుగుడని అచట గట్టి నమ్మకము. ఏటికి పదివేలమందికి 6 సేర్లు చాలునని 1920 దశకమున నానాజాతి సమితి లెక్కకట్టగా, గోదావరి మండలపు వాడుక దానికి ఎన్నియో రెట్లుండెను. స్వాతంత్ర్యము వచ్చిన పిదప 1949లో మన ప్రభుత్వము పదేండ్లలో ఈ వాడుకను మాన్ప నిశ్చయించెను. 1959 ఏప్రిలునుండి వైద్యుని ధ్రువపత్రముతో పేరు నమోదైన అలవాటుపరులకు మాత్రమే సరకు కొలిచి యిచ్చిరి. ఒక్క పెట్టున మాన్పించినచో వారి గతి యేమగునో ఆ ఏర్పాటు చేసినవారెరుగుదురు. పెద్ద వైద్యసంస్థలు ఆ సంగతిని గ్రహించుటకు మరికొన్నియేండ్లు పట్టెను.

పందొమ్మిదవ శతాబ్ది ఆరంభమున జర్మనీలో సెర్ట్యూర్నర్ అను ఔషధకారుడు నల్లమందునుండి మార్ఫీనును వేరుచేసెను. శతాబ్ది నడుమ సూదిమందు పిచికారి వచ్చెను. 1898లో బేయరు కంపెనీ హెరాయినును దగ్గుమందుగా అంగడికెక్కించెను. మార్ఫీనుకు దాసులైనవారిని హెరాయినుతో బాగుచేయవచ్చునని నమ్మిన వైద్యులు కూడ ఉండిరి! పెనము మీదనుండి పొయ్యిలో పడుట యన్న ఇదియే.

అమెరికాలో త్రోవ మరియొకటి. అచటి సుప్రీముకోర్టు 1919లో, అలవాటుపడినవానికి సుఖముగా నుండుటకై మందిచ్చుట వైద్యము కాదని తీర్పుచెప్పెను. వైద్యులు వెనుదీసిరి. 1935లో కెంటకీ రాష్ట్రమందలి లెక్సింగ్టనులో సగము చెర, సగము ఆసుపత్రియైన సంస్థ వెలసెను. నెలల తరబడి మత్తు ముట్టక బయటికి వచ్చినవారిలో అత్యధికులు మరల అందులోనే పడిరి. వారికి పౌరుషము లేదని లోకము నిందించెను. రోగి మారలేదనిరే గాని, చికిత్స మారవలెనని యనువారు అరుదు.

ఆ మాటను న్యూయార్కులోని రాక్‌ఫెల్లరు సంస్థలో విన్సెంట్ డోల్, మేరీ నైస్వాండర్ అను వైద్యులు అనిరి. జర్మనీ రసాయనికులు 1930 దశకాంతమున కల్పించిన మెథడోను అను మందును వారు రోజుకొకమారు నోట పోసిరి. అది నెమ్మదిగా పనిచేయును, దినమంతయు నిలుచును, మత్తుకై చేసిన వెంపరలాటను అణచును. 1965లో వారు ప్రకటించిన నివేదికలో 22మంది రోగుల వృత్తాంతము కలదు. వీరిలో పలువురు చదువులకును, పనిపాటలకును మరలిరి. ఒక మత్తు మాన్పి ఇంకొక మత్తు పెట్టుటయే గదా యని ఆక్షేపించినవారు అప్పుడును కలరు, ఇప్పుడును కలరు. మధుమేహరోగి ప్రతిదినము ఇన్సులిను పుచ్చుకొనుటను మాత్రము వ్యసనమనరు.

వ్యసనము దేహములో ఎట్లు గూడుకట్టునో పిమ్మట తెలిసెను. 1973లో మెదడునందు నల్లమందు సారము వచ్చి కూర్చుండు గ్రాహకములను కనుగొనిరి. 1975లో అబర్డీనునందు హ్యూస్, కాస్టర్లిట్జులు మెదడు తానే తయారుచేసికొను అట్టి పదార్థములను పట్టుకొనిరి. బయటిమందు నిత్యము వచ్చుచుండగా దేహము దానికి తగినట్లు తన్ను మార్చుకొనును. అది ఆగిన దినమున ఆవులింతలు, ముక్కు కారుట, గగుర్పాటు, కడుపునొప్పి, విరేచనములు ఆరంభమగును. హెరాయిను విషయములో ఇవి రెండు మూడు దినములలో ముదిరి, వారము పది దినములలో శమించును. ఆ తరువాతి కోరిక మాత్రము నెలలు, ఏండ్లు వెంటాడును.

అసలు ప్రమాదము ఇచ్చటనే కలదు. పదిదినములు ఆసుపత్రిలో నుంచి, నయమైనదని ఇంటివారు సంతోషింతురు. ఆ కొద్దిదినములలోనే దేహము తన ఓర్పును కోల్పోవును. రోగి మరల పూర్వపు మోతాదు తీసికొనెనా, ఊపిరి నిలిచిపోవును. చెరనుండియో, చికిత్సాలయమునుండియో వెలువడిన మొదటి వారములలో చావులు మెండగుటకు కారణమిదియే. అట్టి సమయమున నాలోక్సోను ప్రాణము నిలుపును. నిమిషములలో ఊపిరి తెప్పించును. అయితే దాని బలము గంట గంటన్నరలో తగ్గును గనుక రోగిని ఆసుపత్రికి చేర్చక తప్పదు.

1960 దశకమున బ్రిటనులో పుట్టిన బ్యుప్రినార్ఫిను మరియొక మెట్టు. నాలుక క్రింద నుంచుకొను ఈ మందు పనికి ఒక హద్దు కలదు. తానొక్కటే యైనచో ఊపిరిని అణచుట తక్కువ. ఫ్రాన్సు 1990 దశకము నడుమ దీనిని సామాన్య వైద్యుల చేతికిచ్చెను. కొద్ది యేండ్లలోనే అచట హెరాయిను మోతాదు మించి చనిపోవువారు అయిదింట నాలుగు వంతులు తగ్గిరి. మెథడోనును, దీనిని 2005లో ప్రపంచ ఆరోగ్యసంస్థ అత్యవసర ఔషధముల పట్టికలో చేర్చెను. మత్తు పూర్తిగా విడిచినవారికి నాల్ట్రెక్సోను అను వేరొక మందు కలదు. అది మత్తును తలకెక్కనీయదు. విడువకమునుపే ఇచ్చినచో బాధ ప్రకోపించును.

మందు ఒక్కటియే చాలదు. వియత్నాం యుద్ధమున హెరాయినుకు చిక్కిన అమెరికను సైనికులను లీ రాబిన్స్ అను విదుషి ఇంటికి మరలిన పిదప పరిశీలించెను. వారిలో మిక్కిలి కొలదిమందియే మరల దానికి దాసులైరి. ఊరు, పని, సహవాసము మారుటకు ఎంత బలము గలదో ఆ పరిశీలన తెలిపెను.

మనదేశమున 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారము, ఈ జాతి మత్తులు వాడువారు 2 కోట్ల 26 లక్షలు. వారిలో సాయము కావలసినవారు సుమారు 77 లక్షలు. బ్యుప్రినార్ఫిను మన ప్రభుత్వ చికిత్సాకేంద్రములలోను దొరకును. అచటికి పోవు రోగి వెంట ఇంటివారొకరు పోవుట మేలు. ఎంతకాలము వాడవలెనని వైద్యుని ఇద్దరును అడుగవలెను. నెలల లెక్క వినినపుడు కంగారుపడి నడుమ మాన్పింపరాదు.