పని ఆపమన్న మాటకు విలువ

జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన డాక్టర్ విలియం కింగ్ 1871లో ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు జాడ కనిపెట్టాడు. 1889లో తవ్వకం మొదలైంది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ లిమిటెడ్ ఏర్పడింది. 1945లో నిజాం ప్రభుత్వం అందులో మెజారిటీ వాటాలు కొన్నది. ఇల్లెందు, కొత్తగూడెం, బెల్లంపల్లి, మందమర్రి, రామగుండం, మణుగూరు, భూపాలపల్లి అన్నీ బొగ్గు బాయిల చుట్టూ పెరిగిన ఊళ్లే. ఉత్సవాల వేళ ఈ చరిత్రను టన్నుల్లో చెప్పుకోవడం ఆనవాయితీ. తవ్విన బొగ్గుకు లెక్క ఉంది. తప్పిపోయిన ప్రమాదాలకు లెక్క లేదు. వాటిని తప్పించినవాళ్ల గురించి చెప్పుకోకపోతే చరిత్ర సగమే అవుతుంది.

సర్దార్ చేతికర్ర

భూగర్భ గనిలో షిఫ్టు మొదలయ్యే ముందు పనిస్థలాన్ని తనిఖీ చేసేవాడు మైనింగ్ సర్దార్. కర్రతో పైకప్పును తట్టి వింటాడు. ఖంగుమంటే రాయి గట్టిగా ఉన్నట్టు. డొల్లగా మోగితే లోపల పొర విడిచినట్టు. అనుమానం తీరకపోతే ఒక అరచేయి కప్పుకు ఆనించి, రెండో చేత్తో మళ్లీ తడతాడు. విడిచిన పొర అదిరితే చేతికి తెలిసిపోతుంది. వదులుగా ఉన్న పెళ్లలను పక్కన నిలబడి రాలగొట్టించి, కప్పుకు ఆధారం పెట్టించాకే మనుషులను రానిస్తాడు.

తర్వాత సేఫ్టీ ల్యాంపు. వత్తి తగ్గించి, దీపాన్ని మెల్లగా కప్పు దగ్గరికి ఎత్తుతాడు. గాలికన్నా తేలికైన మీథేన్ అక్కడే చేరుతుంది. అది ఉంటే మంట మీద లేత నీలి టోపీ లేస్తుంది. ప్రాణవాయువు బాగా తగ్గిన చోట దీపమే ఆరిపోతుంది. ఇప్పుడు మీటర్లు ఆ పని చేస్తున్నాయి. మీథేన్ 1.25 శాతానికి చేరితే కరెంటు తీసెయ్యాలి, మనుషులను బయటికి పంపాలి. మీటరు అంకె చూపి ఊరుకుంటుంది. పని ఆపాల్సింది మనిషే.

దిమ్మెల నుంచి బోల్టుల దాకా

ఒకప్పుడు కప్పుకు కర్ర దిమ్మెలే దిక్కు. తర్వాత ఉక్కువి వచ్చాయి. ఇవి కుంగుతున్న కప్పును కింది నుంచి మోస్తాయి. రూఫ్ బోల్టు పద్ధతి వేరు. కప్పులోకి రంధ్రం వేసి, సిమెంటు లేదా రెజిన్ క్యాప్సూల్‌తో ఉక్కు కడ్డీని బిగిస్తారు. పుస్తకం పుటలను దారంతో కుట్టినట్టు రాతి పొరలన్నీ ఒక్కటై తమను తామే మోసుకుంటాయి. తట్టా చెమ్మస్ (పార)తో బొగ్గు నింపే పని యంత్రాల వంతు కావడంతో అప్పుడే పేల్చిన కప్పు కింద నిలబడాల్సిన మనుషులు తగ్గారు. కాని యంత్రం తన ప్రమాదాన్ని వెంట తెచ్చింది. పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టు గనుల్లో ఇప్పుడు భయం డంపరు చక్రాల దగ్గర, కట్ట లేని హాల్ రోడ్డు అంచున, రాత్రి షిఫ్టు చివర మూతలు పడే డ్రైవరు కళ్లలో ఉంది.

2003 చెప్పిన పాఠం

సింగరేణి చరిత్రలో 2003 మరువకూడని ఏడు. జూన్ 16న గోదావరిఖని (జీడీకే) 7 ఎల్‌ఈపీ గనిలోకి నీరు ముంచుకొచ్చి 17 మంది చనిపోయారు. అదే ఏడు అక్టోబరులో జీడీకే 8ఏ ఇంక్లైన్‌లో పైకప్పు కూలి 10 మందిని బలి తీసుకుంది. నీటి ప్రమాదం ఎంత ఘోరమో 1975 డిసెంబరు 27న ఇప్పటి జార్ఖండ్‌లోని చస్నాలా గని దేశానికంతా చూపింది. అక్కడ 370 మందికి పైగా పోయారు. నీరు నిలిచే, వదిలేసిన పాత తవ్వకాలకు 60 మీటర్ల దూరంలోకి వచ్చాక, గనుల భద్రతా డైరెక్టరేట్ అనుమతి లేకుండా ముందుకు తవ్వకూడదన్నది నిబంధన. అనుమతి వచ్చినా ముందు బోరు రంధ్రాలు వేసి నీటి జాడ చూడాలి. ఆ 60 మీటర్లను కొలవాల్సింది మ్యాపు మీదే కాబట్టి, పాత మ్యాపు సరిగా ఉంటేనే నిబంధన ప్రాణం కాపాడుతుంది. సర్వేయరు గీసే గీత కూడా రక్షణ పనే.

మాట చెల్లాలి

చట్టంలో ఏర్పాట్లకు లోటు లేదు. పెద్ద గనుల్లో కార్మిక సంఘాలతో సంప్రదించి మైనింగ్, ఎలక్ట్రికల్, మెకానికల్ విభాగాలకు వర్క్‌మెన్ ఇన్‌స్పెక్టర్లను నియమించాలి. పిట్ సేఫ్టీ కమిటీలు కూర్చోవాలి. కొత్తవారికి వృత్తి శిక్షణ కేంద్రంలో తర్ఫీదు ఇవ్వాలి. అయితే నెలాఖరున టార్గెట్ అందని రోజున, ‘ఈ కప్పు కింద పని వద్దు’ అన్న సర్దార్ మాట చెల్లిందా లేదా అన్నదే అసలు పరీక్ష. చెల్లితే కమిటీ మినిట్స్‌కు అర్థం ఉంటుంది. చెల్లకపోతే రక్షణ వారోత్సవాల బ్యానర్లకు కూడా అర్థం ఉండదు. కాంట్రాక్టు కార్మికుడి విషయంలో ఇది మరింత నిజం. రేపు పని ఉంటుందో లేదో తెలియనివాడు ఈ రోజు పని ఆపమని అనలేడు. వాడికి బూట్లు, టోపీతో పాటు ఆ ధైర్యాన్నీ సంస్థే ఇవ్వాలి.

ఉత్పత్తిలో ముందున్న గనికి వేదిక మీద షీల్డు ఇస్తాం. ఇవ్వాల్సిందే. అదే వేదిక మీదికి, ప్రమాదం పసిగట్టి షిఫ్టు ఆపించిన సర్దార్‌ను, బ్రేకు సరిగా లేదని బండి తీయనన్న డంపరు ఆపరేటర్‌ను కూడా పేరుపెట్టి పిలుద్దాం. పోయిన బొగ్గును మరో షిఫ్టులో తవ్వుకోవచ్చు. ఆ సన్మానం కళ్లారా చూసిన కొత్త కార్మికుడు, రేపు తన వంతు వచ్చినప్పుడు ‘ఆపండి’ అనడానికి జంకడు.